వైమియా కావలివాడు

హవాయి దీవులలో ఓవాహు అనే దీవికి ఉత్తరపు అంచున వైమియా అని ఒక చిన్న అఖాతము ఉన్నది. ఆ దీవులవారి భాషలో వై అనగా నీరు, మేయా అనగా ఎఱ్ఱనిది. కొండలోయనుండి దిగివచ్చు ఏరు ఎఱ్ఱమన్నును తెచ్చి అక్కడ సముద్రములో కలుపును. వేసవిలో ఆ అఖాతము చెరువువలె నిలకడగా ఉండును. తల్లులు పసిపిల్లలను తీసికొనివచ్చి అందులో ఈత నేర్పుదురు. శీతకాలము వచ్చిన పిమ్మట, కొన్ని సంవత్సరములకు ఒక్కసారి, ఏదో ఒక దినమున అదే నీరు 40 అడుగుల గోడగా లేచి ఒడ్డుమీద విరుగును.

ఆ దినము ముందుగానే తెలియుట అక్కడి విశేషము. పటము విప్పి చూచినచో హవాయికి ఉత్తరమున, జపానుకు అలాస్కాకు నడుమ, దీవి అన్నది దాదాపు లేని మహాజలరాశి కనిపించును. శీతకాలములో పెద్ద తుఫానులు పుట్టునది అక్కడనే. గాలి రెండు మూడు దినములు ఒకే దిక్కుగా సముద్రమును చఱచి ఆగిపోవును. కెరటము మాత్రము ఆగదు. చెరువులో రాయి పడినచోట నీరు సద్దుమణిగిన తరువాత కూడ వలయములు గట్టుకు చేరుచున్నట్లు, ఆ కెరటములు వేల మైళ్ళు దక్షిణమునకు సాగివచ్చును. దారిలో అవి తమంతట తామే వరుస తీరును. పొడుగైనవి ముందు నడచును, పొట్టివి వెనుకబడును. శిఖరమునకు శిఖరమునకు నడుమ 20 సెకండ్ల ఎడమున్న కెరటముల గుంపు గంటకు ఇంచుమించు 30 సముద్రపు మైళ్ళు పోవును. కనుక తుఫాను ఎక్కడ ఉన్నదో తెలిసినవానికి, ఆ పొంగు ఒడ్డు చేరుటకు రెండు మూడు దినముల వ్యవధి ఉన్నదని లెక్క తేలును. నేడు ఈ లెక్కకు ఉపగ్రహములు ఉన్నవి, నడిసముద్రమున లంగరు వేసిన తేలుడు యంత్రములు ఉన్నవి. వార్త వెలువడిన గడియనుండి కెరటములమీద స్వారిచేయువారు లోకము నలుమూలలనుండి విమానములు ఎక్కుదురు. వారిని చూడవచ్చు జనము వారికి నూరింతలు, వేయింతలు. ఉన్నది ఒక్కటే రోడ్డు. ముందురాత్రికే మోటారుబండ్లు బారులు తీరి నిలిచిపోవును.

వచ్చినవారందరు సముద్రమువైపే చూతురు. జనమువైపు చూచుట ఉద్యోగముగా గలవాడొకడు ఆ తీరమున పది సంవత్సరములు కావలి కాచినాడు. అతడు ఎడ్డీ ఐకౌ.

ఎడ్డీ 1946 మే 4వ తేదీన మావీ దీవిలో కహులుయి అనే రేవుపట్టణమున జన్మించినాడు. తండ్రి సాలమన్, తల్లి హెన్రియెట్టా. ఆరుగురు బిడ్డలలో అతడు మూడవవాడు. హవాయి రాజ్యమును ఏకము చేసిన కమేహమేహా ప్రభువు కొలువులో ప్రధాన పూజారియైన హేవహేవ తమ పూర్వుడని ఆ యింటివారు చెప్పుకొనేవారు. ఆ పూజారి తన కడపటి దినములు గడపినది వైమియా లోయలోనే. వంశము గొప్పదైనను ఇల్లు పేదది. 1959లో, అనగా హవాయి అమెరికా సంయుక్త రాష్ట్రములలో 50వ రాష్ట్రముగా చేరిన సంవత్సరముననే, కుటుంబము ఓవాహు దీవికి తరలివచ్చినది. హోనోలులూ పట్టణమునకు చేరువను పవోవా లోయలో చీనావారి శ్మశానవాటిక ఒకటి ఉన్నది. దానిని కనిపెట్టుకొని ఉండే పని వారికి దొరికినది. ఉండుటకు ఇల్లు ఆ వాటికలోనే. పిల్లలందరు సమాధుల నడుమ గడ్డి కోసి, చెత్త ఎత్తి, మిగిలిన పొద్దు సముద్రములో గడపేవారు. పరుల పూర్వుల సమాధులను శుభ్రముగా ఉంచుటయే జీవనముగా గల ఇంట పెరిగినవానికి కావలి అనే మాట బాల్యమునుండియే అర్థమై ఉండును.

చదువు సాగలేదు. పదునారవయేట బడి మాని, అనాసపండ్లను డబ్బాలలో నింపు కర్మాగారమున కూలికి చేరినాడు. ఆ కూలిడబ్బుతో తన మొదటి పలకను కొన్నాడు. కెరటములమీద పలకపై నిలిచి సాగుట హవాయివారి పూర్వవిద్య; ఒకప్పుడు రాజులు, రాణులు కూడ నేర్చినది. తెల్లవారు వచ్చిన పిమ్మట క్షీణించి, 20వ శతాబ్దారంభమున మరల తలయెత్తినది. ఈతలో ఒలింపిక్ బంగారు పతకములు గెలిచిన డ్యూక్ కహనమోకు దానిని దేశదేశములకు పరిచయము చేసినాడు. ఎడ్డీ యౌవనమున అడుగిడునాటికి కాలిఫోర్నియానుండి, ఆస్ట్రేలియానుండి యువకులు శీతకాలమున ఓవాహు ఉత్తరతీరమునకు రావడము మొదలుపెట్టినారు. తమ తాతల ఆటలో తమ తీరమున పరాయివారి పేర్లే మారుమ్రోగుచుండుట హవాయి యువకులకు మనసులో ముల్లువలె ఉండేది.

వైమియా అన్నచో ఆనాడు భయము. 1943 డిసెంబరులో ఇద్దరు యువకులు సన్‌సెట్ తీరమువద్ద స్వారికి దిగినారు. పొంగు హఠాత్తుగా పెరిగి, ఒడ్డుకు తిరిగివచ్చు దారి మూసికొనిపోయినది. వారు గత్యంతరము లేక వైమియావైపు పలకలు తోసికొని వచ్చినారు. వారిలో డిక్కీ క్రాస్ అనే బాలుడు అక్కడనే మునిగిపోయినాడు, శరీరము దొరకలేదు. ఆ తరువాత 14 సంవత్సరములు ఆ నీటిలో స్వారికి దిగుటకు ఎవరును సాహసింపలేదు. 1957లో గ్రెగ్ నోల్ మొదలైన కొందరు దిగి బ్రతికి వచ్చిన పిమ్మట మాత్రమే ఆ జంకు తీరినది.

అప్పటికి ఉపగ్రహముల లెక్కలు సామాన్యులకు అందేవి కావు. పత్రికలో వాతావరణపటము చూచుట, ఉత్తరతీరమున ఉన్న మిత్రుని టెలిఫోనులో అడుగుట, రాత్రివేళ చెవియొగ్గి వినుట, ఇవే ఆధారములు. తీరమున కాపురమున్నవారికి కెరటముల ఉరుము వినవచ్చేది, కిటికీ అద్దములు అదరేవి. ఆ రాత్రి నిద్రపట్టనివారే తెల్లవారకముందు అఖాతము ఒడ్డున చేరి, చీకటిలో తెల్లని నురుగు ఎంత దూరమున మెరయునో చూచి కెరటమెంతో అంచనా వేసేవారు.

1967 నవంబరు 19వ తేదీన అటువంటి పొంగు ఒకటి వైమియాకు వచ్చినది. పేరు మోసిన స్వారులందరు నీటిలో ఉన్నారు. వారి నడుమకు ఎవరికిని అంతగా తెలియని 21 ఏండ్ల నల్లని యువకుడొకడు పలక త్రోసికొని వచ్చి, వచ్చిన వానిలో పెద్ద కెరటములనే ఏరి ఎక్కినాడు. ఆ సాయంకాలమునకు అతని పేరు తీరమంతట తెలిసినది. పెద్ద కెరటము ఎక్కునప్పుడు ముఖము బిగిసిపోవుట సహజము. ఆనాటి ఛాయాచిత్రములలో కాళ్ళు ఎడముగా పెట్టి, మోకాళ్ళు వంచి నిలిచిన ఎడ్డీని చూచినవారికి ఇంటి వాకిట నిలిచినవాడు తోచును.

మరుసటి సంవత్సరము, 1968లో, హోనోలులూ పురపాలకులు ఉత్తరతీరమునకు ప్రాణరక్షకులను నియమించినారు. అందులో మొట్టమొదటివారిలో ఎడ్డీ ఒకడు. కెరటముమీద పేరు తెచ్చుకొన్నవాడు పోటీల వెంబడి తిరుగక జీతమునకు తీరము కాచుట కొందరికి వింతగా తోచి ఉండవచ్చును. కాని అతని జీవితములో నిజముగా గొప్పదైన భాగము ఇక్కడనే ఆరంభమైనది.

పెద్ద పొంగు వచ్చుచున్నదని తెలిసిననాడు మిగిలినవారికి ఉత్సవము. రక్షకునికి అది వేరు లెక్క. కెరటము పెరిగినకొలది చూడవచ్చు జనము పెరుగును. జనము పెరిగినకొలది సముద్రము తెలియనివారు అందులో ఎక్కువగా ఉందురు. వియత్నాం యుద్ధము జరుగుచున్న కాలమది. సెలవుమీద వచ్చిన సిపాయిలు, యాత్రికులు, ఇసుకలో ఆడు పిల్లలు, అందరు అక్కడనే. వైమియాలో ఒడ్డునే విరుగు కెరటము మనిషిని నేలకు కొట్టి లోపలికి ఈడ్చుకొనును. ఈడ్చిన నీరు ఒడ్డువెంబడి ఒరవడియై ప్రవహించి అఖాతము నడుమనుండి బయటకు పోవును. పెద్ద కెరటముల నడుమ పది నిమిషములు సముద్రము సద్దుమణిగినట్లు కనిపించును. తెలియనివారు దిగునది ఆ పది నిమిషములలోనే. ఎడ్డీ మంచెమీద కూర్చుండి దూరమున లేచు కెరటమును ఒక కంటను, ఒడ్డున చొక్కా విప్పుచున్న వానిని ఒక కంటను చూచుచుండేవాడు. మోటారుపడవలు లేవు. కాళ్ళకు రబ్బరు రెక్కలు, చేత ఒక పలక, అంతే సాధనసంపత్తి. ఇతర రక్షకులు సైతము దిగుటకు వెనుదీయునట్టి నీటిలో దిగి మనుషులను ఒడ్డుకు తెచ్చినాడు. అతడు కాపాడినవారు 500 మందికి మించి ఉందురని చెప్పుదురు. అతడు కావలి ఉన్నంతకాలము వైమియాలో ఒక్క ప్రాణమైనను పోలేదని ప్రసిద్ధి. 1969 డిసెంబరులో వచ్చిన పొంగు ఆ తీరమున రోడ్డు దాటి ఇండ్లనే కూల్చినదని తెలిసినచో ఆ ప్రసిద్ధి విలువ బోధపడును. 1971లో అతనికి ఆ సంవత్సరపు ఉత్తమరక్షకుడన్న గౌరవము లభించినది.

అతడు కాచినది నీటినుండి మాత్రమే కాదు. 1970ల తొలి సంవత్సరములలో పోటీకని దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరమునకు పోయినాడు. ఈ పేరు తెలుగువారికి కొత్తది కాదు. చెరకుతోటల పనికని మనవారెందరో ఓడలెక్కి దిగిన రేవు అదే, గాంధీజీ వర్ణవివక్షను మొదట ఎదుర్కొన్న దేశమదే. శరీరము నల్లనిదని ఎడ్డీకి అక్కడ ఒక హోటలులో గది ఇవ్వలేదు. టామ్సన్ అనే స్థానిక కుటుంబమువారు ఇంటికి తీసికొనిపోయి ఆదరించినారు. ఆ ఇంటి కుమారుడు షాన్ తరువాత ప్రపంచవిజేత అయినాడు.

ఈ ఆదరణకు ప్రతిగా అన్నట్లు కొన్ని సంవత్సరములకు ఒక సందర్భము వచ్చినది. 1976 శీతకాలమున ఆస్ట్రేలియా యువకులు కొందరు, తామే మేటివారమని ఆ ఆటకు సంబంధించిన పత్రికలలో రాసికొన్నారు. ఉత్తరతీరములో అప్పటికే పరాయివారి రద్దీతో విసిగియున్న స్థానికులకు అది నిప్పు మీద నెయ్యి అయినది. దెబ్బలు తగిలినవి, ప్రాణభయము పుట్టినది. వేన్ బార్తొలొమ్యూ మొదలైనవారు హోటలు గదిలో తలుపులు బిగించుకొని దాగవలసి వచ్చినది. ఎడ్డీ వారివద్దకు పోయి, వారు చేసినదెట్టి అవమానమో హవాయివారి చరిత్ర చెప్పి తెలియజేసినాడు. తనవారివద్దకు వచ్చి వారిని శాంతపరచినాడు. ఉభయులను ఒకచోట కూర్చుండబెట్టి మాటలాడించినాడు. బార్తొలొమ్యూ 1978లో ప్రపంచవిజేత అయినాడు. పరాయివారి రద్దీవలన నష్టపోయినవారిలో తానొకడై ఉండికూడ ఎడ్డీ ఆ పని చేసినాడన్నది గమనింపదగినది.

ఇంట దుఃఖము లేకపోలేదు. వియత్నాం యుద్ధమునుండి క్షేమముగా తిరిగివచ్చిన తమ్ముడు జెరాల్డ్ 1973లో మోటారు ప్రమాదమున మరణించినాడు. ఎడ్డీ చాలకాలము కోలుకొనలేదు. 1977లో డ్యూక్ కహనమోకు పేరిట జరుగు పోటీలో ప్రథముడుగా నిలిచినాడు. ఎన్నో యేండ్లు ఆశించి పొందిన విజయమది.

అప్పటికే అతని మనసు మరొక వైపు తిరిగినది. హవాయివారి పూర్వులు దిక్సూచి, పటము లేకయే నక్షత్రములను, కెరటముల పోకడను చూచి వేల మైళ్ళు ఓడ నడిపినారని నిరూపించుటకై 1975లో ఒక జంటపడవను నిర్మించినారు. పొడవు 62 అడుగులు. దానికి హోకులేయా అని పేరు పెట్టినారు. హోకులేయా అనగా ఆనందతార. మనవారు స్వాతి అని పిలుచు నక్షత్రమే అది. హవాయి దీవులకు సరిగా నడినెత్తిన నడచు చుక్క అగుటచే ఇల్లు చేరు నావికులకు అది గురుతు. 1976లో మైక్రొనీషియాకు చెందిన మావు పియాయిలుగ్ అనే నావికుడు ఆ పడవను తహితి దీవికి నడిపించి చూపినాడు. రెండవ యాత్రకు హవాయివారే నడుపవలెనని సంకల్పము. ఎడ్డీ బృందములో చేరుటకు కోరి, ఎన్నికయి, ఆ పడవమీద తానే ఒక పాట కట్టి పాడినాడు.

1978 మార్చి 16న హోనోలులూ తీరమున వేలాది జనము గుమికూడినది. పెద్దలు వచ్చినారు, పత్రికలవారు వచ్చినారు, ప్రార్థనలు, పాటలు ముగిసినవి. గాలి మాత్రము బలముగా ఉన్నది. చిన్న ఓడలు బయలుదేరరాదని హెచ్చరిక ఉన్నది. నెలదినముల ఆహారముతో పడవ బరువెక్కి ఉన్నది. 1976లో వలె వెంట రక్షకనౌక లేదు. ఒకటి రెండు దినములు ఆగినచో పోయేది ఏమియు లేదు. అయినను సాయంకాలము తెరచాపలెత్తినారు. అంత జనము వీడ్కోలు చెప్పవచ్చి నిలిచియుండగా ఆగుదమని చెప్పుట సులభము కాదు; బయలుదేరకుండవలసినదని తరువాత ఆ బృందములోనివారే తలపోసినారు. పెద్ద కెరటముల దినమున జనము ఎదుట దిగబోవు యువకునికి వెనుకకు మరలుట ఎంత కష్టమో, వైమియా మంచెమీదనుండి పది యేండ్లు చూచినవాడు ఆ రాత్రి ఆ పడవలోనే ఉన్నాడు.

అర్ధరాత్రి ప్రాంతమున ఒకవైపు పడవలోనికి నీరు నిండి హోకులేయా మొలొకై దీవి దాపున తలక్రిందులైనది. తెల్లవారువరకు అందరు బోర్లపడిన పడవను పట్టుకొని వ్రేలాడినారు. విమానములు పైనుండి పోవుచున్నవి, ఎవరును చూడలేదు. గాలి, ఒరవడి వారిని దీవులకు దూరముగా లాగుచున్నవి. చలికి కొందరు సొమ్మసిల్లుచున్నారు. ఎడ్డీ తన పలకను వెంట తెచ్చుకొని ఉన్నాడు. దానిమీద లనై దీవికి పోయి సాయము తెచ్చెదనని అడిగినాడు. నాయకుడైన డేవ్ లైమన్ మొదట ఒప్పుకొనలేదు. పొద్దెక్కినకొలది ఆశ సన్నగిల్లినది, అనుమతి ఇచ్చినాడు. కొన్ని నారింజపండ్లు, మినుకుమినుకుమను దీపమొకటి తీసికొని, రక్షణకవచము నడుమునకు కట్టుకొని ఎడ్డీ బయలుదేరినాడు. కొంతదూరము పోయిన తరువాత, చేతులాడుటకు అడ్డమగుచున్నదని కాబోలు, ఆ కవచమును విప్పివేయుట పడవవద్దనున్నవారు చూచినారు. ఒక కెరటముమీద కనిపించినాడు, మరియొక దాని వెనుక మరుగైనాడు. ఆ సాయంకాలము చీకటిపడిన పిమ్మట ఒక విమానచోదకుడు వారు వదలిన మంట వెలుగును చూచినాడు. మిగిలినవారందరు బ్రతికినారు. ఎడ్డీ కొరకు ఆకాశమున, సముద్రమున దినముల తరబడి వెదకినారు. అతడుగాని, అతని పలకగాని దొరకలేదు. అప్పటికి అతని వయస్సు 31 సంవత్సరములు.

ఆ పడవ మరల బాగుపడినది. ఆ రాత్రి అందులో ఉన్న నైనోవా టామ్సన్ 1980లో, ఈసారి వెంట రక్షకనౌక ఉండగా, పనిముట్లు లేకయే తహితికి పోయి తిరిగివచ్చినాడు. వందల యేండ్ల తరువాత ఆ విద్యలో నెగ్గిన తొలి హవాయివాడు అతడే.

ఎడ్డీ అయితే వెళ్ళేవాడన్న మాట ఆ తరువాత హవాయిలో సామెతవలె వ్యాపించినది. మోటారుబండ్ల వెనుక కూడ దానిని అంటించుకొనుచున్నారు. పెద్ద కెరటము చూచి జంకినవానిని రెచ్చగొట్టుటకు యువకులు దానిని వాడుదురు. కెరటములమీదికి వెళ్ళినవారు ఎడ్డీ ఒక్కడే కాదు. మునుగుచున్నవాని కొరకు వెళ్ళుటయే అతని ప్రత్యేకత, కడసారి వెళ్ళినదియు అందుకొరకే. రెచ్చగొట్టు యువకులు ఈ సంగతి మరచినారు.

అతని పేరిట ఒక పోటీ ఏర్పడినది. మొదటిసారి సన్‌సెట్ తీరమున జరిగి, పిమ్మట వైమియాకు మారినది. 1987లో అక్కడ తొలి విజేత తమ్ముడు క్లైడ్ ఐకౌ. ఈ పోటీకి నిర్ణీతమైన తేదీ లేదు. ప్రతి శీతకాలమున పేర్లు ప్రకటించి, కెరటము కొరకు కాచుకొందురు. హవాయివారు కెరటమును వెనుకనుండి కొలుతురు. వారి కొలతకు 20 అడుగులు, మన కంటికి ముందునుండి 40 అడుగులు. అంత ఎత్తు కెరటములు పగలంతయు రావలెను. రానిచో ఆ సంవత్సరము పోటీ లేదు. చిరకాలము దానిని నిర్వహించిన జార్జ్ డౌనింగ్, నిర్ణయించునది అఖాతమేకాని మనుషులు కారని పట్టుపట్టినాడు. 1990 తరువాత మరల పోటీ పూర్తిగా జరిగినది 1999లో. 2024 డిసెంబరు నాటికి వైమియాలో జరిగినది పదిసార్లు మాత్రమే.

2016 ఫిబ్రవరిలో ఆ పట్టు పరీక్షకు వచ్చినది. 10వ తేదీన పొంగు వచ్చునని లెక్క. పోటీ ప్రకటించినారు. రాత్రియే జనము వచ్చి ఇసుకలో పడుకొన్నది, రోడ్డు నిండినది, స్వారులు దూరదేశములనుండి దిగినారు. తెల్లవారి చూడగా కెరటములు అనుకొన్నంత లేవు. అంతమంది ఎదుట నిర్వాహకులు పోటీ ఆపివేసినారు. జనము వెనుకకు మరలినది. రెండు వారములు గడచి 25వ తేదీన నిజమైన పొంగు వచ్చినది. ఆనాడు జాన్ జాన్ ఫ్లోరెన్స్ గెలిచినాడు. 66వ యేట క్లైడ్ ఐకౌ కూడ అన్న పేరిట ఆ నీటిలో దిగినాడు.

2023 జనవరి 22న మరల పోటీ జరిగినది. స్త్రీలు అందులో పాల్గొనుట అదే మొదలు. పదులవేల జనము తీరమున కిక్కిరిసి ఉన్నది. గెలిచినవాడు ల్యూక్ షెపర్డ్‌సన్, ఉత్తరతీరపు ప్రాణరక్షకుడు. ఆనాడు అతనికి సెలవు లేదు. పైవారి అనుమతితో తన వంతు వచ్చినప్పుడు నీటిలో దిగి, స్వారి ముగియగానే మంచె ఎక్కి, రెండవ వంతు వచ్చువరకు ఒడ్డున నిలిచిన జనమును కనిపెట్టుకొని ఉన్నాడు.